గేటు దాటి పోతున్నది ఏమిటో చూడండి

స్వయం సమృద్ధి అనగానే చాలామందికి ఊరి చివర రెండెకరాలు, ఒక ఆవు, బావి, వరి మడి కళ్ల ముందు కదులుతాయి. ఇవేవీ లేని నగరవాసి నిట్టూర్చి, రిటైరయ్యాక చూద్దాంలే అనుకుంటాడు. ఇంకొందరు ఉన్నపళంగా రంగంలోకి దిగుతారు. ఒక్క ఆదివారమే యాభై గ్రో బ్యాగులు, పాతిక రకాల విత్తనాలు, ఎరువు బస్తాలు మేడ ఎక్కుతాయి. సంక్రాంతికి పుట్టిన ఉత్సాహం ఉగాది ఎండలకు వాడిపోతుంది. ఇద్దరూ చేసిన పొరపాటు ఒకటే: ఏం పండించాలి, ఏం తయారు చేయాలి అన్న దగ్గర ఆలోచన మొదలుపెట్టారు.

ఈ అధ్యాయం ఇంకో చోట మొదలవుతుంది. ఒక వారం పాటు మీ గేటు దాటి ఏమేం బయటికి పోతున్నాయో చూడండి. మేడ మీద పడ్డ వాన గొట్టంలోంచి రోడ్డు మీదికి పోతుంది. స్నానాల నీళ్లు మురుగు కాలువలోకి పోతాయి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం చెత్త బండి ఎక్కుతాయి. స్లాబు మీద పడ్డ ఎండ రాత్రి పడగ్గదిని ఉడికించడం తప్ప మరో పని చేయదు. గేటు లోపలికి వచ్చేవి కూడా చూడండి: నీళ్ల ట్యాంకరు, ఎరువు బస్తా, ఆకుకూర కట్టలు, కరెంటు బిల్లు. ఊరికే బయటికి పంపుతున్నవాటికి బదులుగా డబ్బిచ్చి వేరే రూపంలో తెచ్చుకుంటున్నామని రెండు జాబితాలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. నగరంలో స్వయం సమృద్ధి అంటే ఈ రాకపోకలను తగ్గించడమే. అలా చూస్తే పని సగం తేలికవుతుంది, ఎందుకంటే కొత్తగా పుట్టించాల్సింది చాలా తక్కువ.

ముందు వదులుకోవాల్సినవి

హైదరాబాద్‌లో నూట యాభై గజాల స్థలంలో కట్టిన ఒక ఇల్లు, అందులో నలుగురు ఉన్నారనుకుందాం. మేడ వైశాల్యం సుమారు వంద చదరపు మీటర్లు. ఈ అధ్యాయంలోని లెక్కలన్నీ ఈ ఇంటికే వేద్దాం. మీ ఇల్లు చిన్నదైతే తగ్గించుకోండి, పెద్దదైతే పెంచుకోండి.

ఈ ఇంట్లో బియ్యం పండించగలమా? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు కావాలి. నలుగురికి రోజుకు కిలో ధాన్యం, ఏడాదికి 365 కిలోలు. అన్ని బియ్యం రావాలంటే దాదాపు అయిదున్నర క్వింటాళ్ల వడ్లు కావాలి. మంచి పంట పండినా అందుకు పావెకరం, అంటే 1,210 గజాల మడి ఉండాలి. మన మేడ అందులో పదో వంతు. కాబట్టి బియ్యం, పప్పు, నూనె గింజల సంగతి రైతుకే వదిలేయండి. వీలైతే కోతల కాలంలో నేరుగా రైతు దగ్గరే ఏడాదికి సరిపడా కొనండి. కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు ఎండాకాలంలోనే కొని, బాగా ఎండబెట్టి డబ్బాలకెత్తడం మన ఇళ్లలో మొన్నమొన్నటి వరకూ ఉన్న అలవాటే. నిల్వ చేసుకోగలగడం కూడా స్వయం సమృద్ధిలో భాగమే, పైగా దానికి మట్టి అక్కర్లేదు.

వంట గ్యాసు లెక్క కూడా చూద్దాం. వంటింటి చెత్తతో బయోగ్యాస్ అన్న మాట వినడానికి బాగుంటుంది. నలుగురున్న ఇంట్లో రోజుకు వచ్చే తడి చెత్త ఇంచుమించు కిలో. దాని నుంచి వచ్చే గ్యాసు ఘనపు మీటరులో పదో వంతు. ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ సుమారు అర కిలో ఎల్‌పీజీతో సమానం కాబట్టి, నెలంతా కష్టపడితే మిగిలేది కిలోన్నర గ్యాసు. సిలిండరులో ఉండేది 14.2 కిలోలు. పశువులున్నవాళ్లకు, హాస్టళ్లకు, హోటళ్లకు బయోగ్యాస్ పనికొస్తుంది. మన ఇంటికి అదే చెత్త ఎరువైతేనే లాభం.

ఇలా లెక్క వేసి కొన్నిటిని ముందే పక్కన పెడితే మనసు తేలికపడుతుంది. మన ఇంటికి మిగిలినవి నాలుగు: నీళ్లు, ఎరువు, ఆకుకూరలు, కరెంటు. ఆ వరసలోనే వెళ్దాం. నీళ్లు లేనిదే మొక్క లేదు, ఎరువు లేనిదే దిగుబడి లేదు. కరెంటుకు పెట్టుబడి ఎక్కువ గనక అది చివర.

వాన నీళ్లు: చూరు కింద లెక్క

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల మేడ మీద అది 80,000 లీటర్లు. ఆవిరయ్యేది, చింది పోయేది తీసేసినా 64,000 లీటర్లు చేతికందుతాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు దాటుతాయి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది మన దేశంలో ప్రభుత్వ ప్రణాళికలు వాడే లెక్క. ఆ ప్రకారం ఈ నీళ్లు నలుగురికి దాదాపు నాలుగు నెలలు వస్తాయి. విజయవాడ, విశాఖల్లో వాన ఇంకా ఎక్కువ. అనంతపురంలో తక్కువే, అందుకే అక్కడ ప్రతి బొట్టుకూ విలువ ఎక్కువ.

చిక్కేమిటంటే, ఈ వానలో ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. నాలుగు నెలల నీళ్లు దాచే సంపు తవ్వించడం అందరివల్లా కాదు, అక్కర కూడా లేదు. రెండు ఏర్పాట్లు చాలు.

మొదటిది, వెయ్యి లీటర్ల డ్రమ్ము. మేడ మీంచి దిగే గొట్టాన్ని జాలీ మీదుగా అందులోకి మళ్లించండి. ఇరవై మిల్లీమీటర్ల వాన పడితే ఆ డ్రమ్ము నిండి పొర్లుతుంది. తొలకరి వాన మేడ మీది దుమ్మును, పక్షుల రెట్టలను కడుక్కొస్తుంది కాబట్టి మొదటి పావుగంట నీళ్లను బయటికి వదిలేసేలా గొట్టానికి ఒక వాల్వు పెట్టించండి. మూత బిగుతుగా ఉండాలి, గాలి వెళ్లే చోట దోమతెర కట్టాలి. ఈ నీళ్లు మొక్కలకు, గచ్చు కడగడానికి, బట్టలకు. తాగడానికి వాడాలంటే వడపోత, పరీక్ష తప్పవు.

రెండోది, ఇంకుడు గుంత. పొర్లిన నీళ్లన్నీ అందులోకి పోవాలి. నాలుగైదు అడుగుల వెడల్పు, అంతకంటే కొంచెం ఎక్కువ లోతు. అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, పైన దొడ్డు ఇసుక. గుంత సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి. స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు ఒక్క చుక్క కూడా అందులోకి రాకూడదు. వడగట్టని వాన నీళ్లను నేరుగా బోరు గొట్టంలోకి వదలడం అసలు మంచిది కాదు. ఏటా మే నెలలో పైన పేరుకున్న మట్టి గీకేసి ఇసుక మార్చండి. ఈ పని మరిస్తే గుంత రెండు మూడేళ్లలో పూడుకుపోతుంది. కాలనీల్లో గుంతలెన్నో ఉండి కూడా నీళ్లు రోడ్డు మీదే నిలవడానికి కారణం చాలాసార్లు ఇదే. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం వాన నీటి సంరక్షణ గురించి చెప్పింది. నియమం కోసం తవ్వించి వదిలేసిన గుంత మీ ఇంట్లో ఇప్పటికే ఉండవచ్చు. కొత్తది తవ్వే ముందు దాన్ని వెతకండి.

వాడిన నీళ్ల విషయంలో పెద్ద ప్లంబింగ్ పని పెట్టుకోకండి. మన పెద్దల పెరట్లో అంట్లు తోమే చోటు పక్కనే అరటి చెట్టు ఉండేది, దాని కడుపు ఆ నీళ్లతోనే నిండేది. గచ్చు పక్క మూడడుగుల నేల ఉన్నా ఒక అరటి, నాలుగు మెట్టతామర దుబ్బులు నాటి, వాషింగ్ మెషీన్ గొట్టాన్ని అటు తిప్పండి. అక్కడ ఆకుకూరలు మాత్రం వేయకండి. ఆర్వో మెషీన్ లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి తోస్తుంది. అందులో ఉప్పు ఎక్కువ గనక కుండీల్లో పోయకుండా బకెట్టులో పట్టి ఇల్లు తుడవడానికో టాయిలెట్‌కో వాడుకోండి.

తొక్కల నుంచి ఎరువు

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి చెత్తలను ఇంట్లోనే వేరు చేయాలన్నాయి. ఆ వేరు చేసిన తడి చెత్తను బండిలో వేసే బదులు పెరట్లో వేయడమే ఇక్కడ చేయాల్సింది. ఇందుకు వేల రూపాయల డబ్బాలు కొనక్కర్లేదు. చుట్టూ, అడుగున చిల్లులు పెట్టిన పాత పెయింటు డబ్బాలు మూడు చాలు.

పద్ధతి చిన్నది. ఒక వంతు తడి చెత్త వేస్తే రెండు వంతుల ఎండుటాకులో కొబ్బరి పొట్టో కప్పాలి. వారానికి రెండుసార్లు కర్రతో తిరగేయాలి. మొదటి డబ్బాలో రెండు గరిటెల పుల్లటి మజ్జిగ చల్లితే కుళ్లడం త్వరగా మొదలవుతుంది. డబ్బా నిండాక మూత పెట్టి రెండోదానికి వెళ్లండి. మూడోది నిండే నాటికి మొదటిది మాగుతుంది. నెలన్నర, రెండు నెలల్లో నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఎరువు చేతికొస్తుంది. నెలకు ముప్పై కిలోల చెత్త వేస్తే బరువులో నాలుగో వంతు మిగులుతుంది.

చాలామంది మానేసేది రెండు కారణాలకే, వాసన, పురుగు. రెంటికీ మూలం తడి ఎక్కువ కావడమే. వాసన వస్తే తిరగేసి గాలి తగలనివ్వండి, పురుగు పడితే ఎండుటాకులు రెట్టింపు వేయండి. మాంసం ముక్కలు, ఎముకలు, నూనె కూరలు వేయకండి, ఎలుకలు వస్తాయి. శీతాకాలం చివర కాలనీలో ఊడ్చి తగలబెట్టే ఆకులను రెండు గోనె సంచుల్లో నింపి పెట్టుకుంటే చాలా నెలలు ఎండు సరుకుకు లోటుండదు.

మిద్దె తోట: బరువు, ఎండ, ఓపిక

మిద్దె తోట అన్న మాట తెలుగు ఇళ్లలో ఇంతగా వినబడడానికి కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటి వారు తమ మేడనే బడిగా చేసి చూపించడం ఒక కారణం. ఆ తోటలు చూసి ఉత్సాహపడే ముందు స్లాబు మాట వినాలి. మనుషులు తిరిగే ఇంటి స్లాబుకు చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కగట్టి కట్టడం మన దేశ ప్రమాణం. అడుగు లోతు తడిమట్టి పోస్తే అదే చదరపు మీటరు మీద దాదాపు 500 కిలోలు పడుతుంది. అందుకే స్లాబు మధ్యలో మట్టి మడులు కట్టకండి. పెద్ద తొట్టెలను దూలాల మీదుగా, గోడల మీదుగా వచ్చే అంచుల్లో పెట్టండి. మట్టి, కొబ్బరి పొట్టు, ఎరువు సమపాళ్లలో కలిపితే బరువు బాగా తగ్గుతుంది. కుండీలను ఇటుకల మీద ఎత్తి పెడితే నీళ్లు కింద నిలవవు, స్లాబు చెమ్మగిల్లదు. పాత ఇల్లయితే ఇంజినీరుకు చూపించాకే మొదలుపెట్టండి.

ఏం వేయాలి? నలుగురికి రోజుకు కిలో ఆరు వందల గ్రాముల కూరగాయలు కావాలి. అంతా మేడ మీదే పండించాలనుకుంటే అది ఉద్యోగమైపోతుంది. అందులో ఆకుకూరల వంతు నాలుగు వందల గ్రాములు. ఆ వంతులో కొంతైనా అందుకోగలం. అంగట్లో తొందరగా వాడిపోయేవీ, ఏ నీళ్లతో పండించారో తెలియనివీ అవే. తోటకూర, మెంతికూర నెలలోపు కోతకొస్తాయి. పాలకూర, చుక్కకూర కోస్తే మళ్లీ చిగురిస్తాయి. గోంగూర, బచ్చలి, పుదీనా, పొన్నగంటి ఒకసారి నాటుకుంటే మనం పెద్దగా పట్టించుకోకపోయినా ఉంటాయి. రెండడుగుల వెడల్పు ట్రేలు ఎనిమిది తీసుకుని, వారానికి రెండు చొప్పున విత్తండి. అన్నీ ఒకేరోజు విత్తితే ఒక వారం కట్టలు కట్టలు వచ్చి, తర్వాత మూడు వారాలు ఏమీ ఉండదు.

ఆకుకూరలు చేయి తిరిగాకే తీగలు. జులై, ఆగస్టుల్లో ఒక పెద్ద తొట్టెలో చిక్కుడు పెట్టి పందిరికి పాకిస్తే చలికాలమంతా కాస్తుంది. దొండ ఒక్క పాదు చాలు. నేల ఉంటే మునగ, కరివేపాకు తప్పకుండా కింద నాటండి. టమాటా, క్యాబేజీ రెండో ఏడాదికి వాయిదా వేయండి, వాటికి చీడలు ఎక్కువ, మొదటి ఓటమి ఉత్సాహాన్ని చంపేస్తుంది. పేనుబంక, పిండినల్లి కనబడితే లీటరు నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లండి.

ఏప్రిల్, మే నెలల్లో తోటకు సెలవిచ్చే ధైర్యం కూడా కావాలి. గ్రీన్ నెట్ కింద బచ్చలి, గంగవాయిలి కూర లాంటి రెండు మూడింటిని బతికించుకుని, మిగతా కుండీల్లో ఎరువు కలిపి ఎండుటాకులు కప్పి వదిలేయండి. ఆ ఎండ వడియాలకు, ఒరుగులకు, పచ్చళ్లకు. మేడకు ఆ రెండు నెలలు అదే పంట.

కరెంటు: ముందు తగ్గించి, తర్వాత పుట్టించండి

సోలార్ పలకల ధర అడగక ముందు సీలింగ్ ఫ్యాన్ల వంక చూడండి. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 80 యూనిట్లు మిగులుతాయి. ముక్కాలు కిలోవాట్ సోలార్ పలకలు నెలంతా పుట్టించే కరెంటు ఇంచుమించు అంతే. ఫ్యాన్లు మార్చాక వచ్చే బిల్లు చూసి, దానికి తగ్గ సోలార్ పెట్టుకుంటే పెట్టుబడి ఆ మేరకు తగ్గుతుంది.

కిలోవాట్ సోలార్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లు, ఆ పైన పెట్టుకుంటే మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అనుమతి రావాలి, పోర్టల్‌లో నమోదైన సంస్థతోనే పెట్టించుకోవాలి. నెట్ మీటరు బిగించి, తనిఖీ అయ్యాక సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. దరఖాస్తు చేసే రోజు ఉన్న నిబంధనలను పోర్టల్‌లోనే చదువుకోండి.

అమ్మేవాళ్లు గట్టిగా చెప్పని విషయం ఒకటుంది. బ్యాటరీ లేని మామూలు సోలార్, వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ల మీద పనిచేసే సిబ్బందికి షాకు కొట్టకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటది. కరెంటు కోతల బాధ తీరాలంటే ఇన్వర్టరు, బ్యాటరీ ఖర్చు వేరే ఉంటుంది. బిల్లు తగ్గడం, కోతలు తప్పడం వేర్వేరు అవసరాలు. మీకు ఏది కావాలో ముందే తేల్చుకోండి. పలకలను ఏడెనిమిది అడుగుల ఎత్తు స్టాండు మీద, దక్షిణానికి వాల్చి పెట్టిస్తే కింద తిరగడానికి చోటు మిగులుతుంది. ఆ పాక్షిక నీడలో ఎండాకాలం ఆకుకూర ట్రేలు బతుకుతాయి. పలకలు కడిగే నీళ్లు కూడా వాటికే.

తేలిక చేసేది యంత్రం కాదు, అమరిక

పై నాలుగు పనులూ ఒకదానికొకటి అందుకునేలా ఉన్నాయని గమనించే ఉంటారు. డ్రమ్ములో నీళ్లు కుండీలకు, కుండీల్లో ఎండిన కాడలు ఎరువు డబ్బాకు, ఎరువు మళ్లీ కుండీలకు. ఈ గొలుసు కుదిరితే రోజుకు ఇరవై నిమిషాలకు మించి పట్టదు. కుదరాలంటే కొన్ని చిన్న జాగ్రత్తలు కావాలి.

వస్తువులు దారిలో ఉండాలి. ఎరువు డబ్బా వంటింటి వెనక తలుపు పక్కన ఉంటే తొక్కలు అందులో పడతాయి, మేడ మీద ఉంటే వారంలో మానేస్తారు. మేడ మీద ఒక కుళాయి లేకపోతే అన్నింటికంటే ముందు అదే పెట్టించండి, బకెట్లు మోసి తోట పెంచినవాళ్లు అరుదు.

పనికి పేరుండాలి. అందరి పనీ అనుకున్నది చివరికి ఇంటావిడ పని అవుతుంది. ఆమెకు అది అయిదో డ్యూటీ. నీళ్లు ఒకరు, డబ్బా తిరగేయడం ఒకరు, విత్తడం పిల్లలు, సోలార్ రీడింగు, ఇంకుడు గుంత ఒకరు. రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

ఊరెళ్లే ఏర్పాటు ముందే ఉండాలి. టైమరున్న డ్రిప్ కిట్టు ఒకటి, పక్కింటి వారితో ఒప్పందం ఒకటి. మీరు లేనప్పుడు ఆకులు కోసుకునేది వాళ్లు, వాళ్లు లేనప్పుడు మీరు.

పక్కింటి మాట వచ్చింది గనక ఇంకొకటి. అన్నీ ఒక్క ఇంట్లోనే కావాలనే పట్టుదల ఖర్చు పెంచుతుంది. మీ దొండ పాదు రెండిళ్లకు సరిపోతుంది, వాళ్ల మునగ నాలుగిళ్లకు. చిక్కుడు గింజలు, నారు, ఎండుటాకులు, నిచ్చెన, కొమ్మలు కత్తిరించే కత్తెర కాలనీలో తిరుగుతూ ఉంటే ప్రతి ఇంటికీ కావాల్సిన సామాను సగానికి దిగుతుంది.

ఈ అధ్యాయం పని

1. వారం రోజులు రెండు జాబితాలు రాయండి: గేటు దాటి పోయినవి, గేటు లోపలికి వచ్చినవి. చెత్తను ఒక్కసారైనా తూకం వేయండి.

2. గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు, ట్యాంకరు ఖర్చు ఒక కాగితం మీదికి ఎక్కించండి.

3. మొదటి నెల: కారుతున్న కుళాయిలు బాగు చేయించండి, ఎరువు డబ్బా ఒకటి మొదలుపెట్టండి. ఇంకేమీ వద్దు.

4. రెండో నెల: నాలుగు ట్రేల ఆకుకూరలు. మూడో నెల: మరో నాలుగు. ఎండాకాలం అయితే ఆగి, తొలకరికి మొదలుపెట్టండి.

5. వానలకు ముందు: డ్రమ్ము, వాల్వు, ఇంకుడు గుంత. ఉన్న గుంత అయితే శుభ్రం చేయించండి.

6. ఫ్యాన్లు మార్చి మూడు నెలల బిల్లులు చూసి, ఆ తర్వాతే సోలార్ దరఖాస్తు.

7. ఏడాది తిరిగాక మొదటి వారం రాసిన జాబితాలను మళ్లీ రాసి పోల్చండి. తగ్గిన పద్దుల పక్కన టిక్కు పెట్టండి. ఏ పద్దునూ తగ్గించని పని ఏదైనా రోజూ మీకు విసుగు తెప్పిస్తుంటే మొహమాటం లేకుండా మానేయండి. పది పనులు మొదలుపెట్టి ఆరు నెలలకు చతికిలబడ్డ ఇంటి కంటే, మూడే పనులు పదేళ్లు చేసిన ఇల్లు ఎక్కువ నీళ్లు ఇంకిస్తుంది, ఎక్కువ కూర వండుకుంటుంది.